ఆయిలు ఏ రంగులో ఉంది

మల్కాపురంలో పోలిరాజు మెకానిక్ షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరైనా చెప్పేవారు. అది నిరుటి మాట. ఇప్పుడు అదే జనం "ఏ షెడ్డు, బాబీదా?" అని ఎదురు ప్రశ్న వేస్తున్నారు. ఆ ప్రశ్న చెవిన పడ్డప్పుడల్లా పోలిరాజు కడుపులో సన్నగా మంట రేగేది. గ్యాసని చెప్పి సోడా తాగేవాడు. సోడాతో తగ్గే మంటయితే ఈ కథే లేదు.

బాబీ పరాయివాడు కాడు. పోలిరాజు భార్య రాధకి సొంత తమ్ముడు. మొదటిసారి స్పానర్ పట్టింది పోలిరాజు షెడ్డులోనే, అదీ తలకిందులుగా పట్టాడు. తర్వాత నాలుగేళ్లు ఏదో కార్ల షోరూంలో చేశాడు, చెన్నైలో ట్రైనింగ్ అన్నాడు, వచ్చి శ్రీహరిపురంలో సొంత షెడ్డు పెట్టాడు. బోర్డు మీద 'ఆటోమేటిక్ గేర్‌బాక్స్ స్పెషలిస్ట్' అని నీలం అక్షరాలు. అదైనా ఊరవతల పెట్టాడా అంటే లేదు, బావ షెడ్డుకి స్కూటర్ మీద అయిదు నిమిషాల దూరంలో పెట్టాడు. పైగా రిబ్బన్ బావ చేతే కత్తిరింపించాడు. ఏకులా వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదేనని పోలిరాజు అనుకున్నాడు, కత్తెర ఇంకా చేతిలో ఉండగానే.

ఆ రోజు నుంచీ ఇంట్లో ఒకటే పాట. "మా తమ్ముడు కంప్యూటర్ పెట్టి బండి రోగం సెప్పేత్తన్నాడంట." "మా తమ్ముడి కాడికి ఆనందపురం నుంచి కూడా కార్లొస్తన్నాయంట." కోనాం చేప పులుసు వండితే తలకాయ ముక్క ఇరవై ఏళ్లుగా పోలిరాజు కంచంలోనే పడేది. ఇప్పుడది బాబీ క్యారేజీలోకి వెళ్లిపోతోంది. "ఆడు ఒక్కడే ఉంటన్నాడు, ఆడికెవరు వండుతారు?" అంటుంది రాధ. నిజమే, ఎవరు వండుతారు? ఆ నిజమే పోలిరాజుకి మరీ ఒళ్లుమంటగా ఉండేది.

రాధ నిద్రపోయాక గోడవైపు తిరిగి పడుకుని ఫోన్లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వీడియోలు చూసేవాడు, శబ్దం లేకుండా. హిందీలో చెప్పేవాళ్ల నోళ్లు కదులుతుంటే బొమ్మలు చూసి నేర్చుకోవడం. బావమరిదిని అడిగితే గంటలో చెప్పేస్తాడు. అడగడమా? చచ్చినా అడగడు.

అలాంటి రోజుల్లో, అక్టోబరు వానలు కాస్త తెరిపిచ్చాక, భీమశంకరరావుగారు తన కారు వేసుకుని పోలిరాజు షెడ్డుకి వచ్చారు. ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. ఆఖరి ఏళ్లలో ఓడలు ఆగే బెర్తు మీద జారిపడి ఎడమకాలు విరిగింది. అతికింది గానీ మోకాలు వంగదు. క్లచ్ తొక్కలేని మనిషి కాబట్టి ఆటోమేటిక్ కారు కొనుక్కున్నారు. ఆ కాలుతో ఆటో ఎక్కడమంటే ఇద్దరు పట్టుకుని లోపలికి తొయ్యాలి. ఆ అవస్థ ఆయనకి నామోషీ. బజారుకైనా, బంధువుల ఇంటికైనా సొంత చేత్తో నడుపుకుంటూ వెళ్లాలి. ఇరవై ఏళ్లుగా ఆయన స్కూటర్లూ కార్లూ పోలిరాజు చేతులు దాటి పోలేదు.

"రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు వెనకనుంచి ఎవడో గుద్దినట్టుందయ్యా పోలిరాజూ. ఒక్కోసారి ఇంజను అరుస్తుంది, బండి మాత్రం కదలదు" అన్నారు.

'బాబీ కాడికి తీసికెళ్లండి' అనే మాట పోలిరాజు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు. వీడియోల్లో చూసినట్టే ఇంజను ఆన్ చేసి వేడెక్కనిచ్చి, గేర్‌బాక్స్ ఆయిలు కొలిచే పుల్ల పైకి లాగాడు. ఆ ఆయిలు ఎర్రగా, అద్దంలా మెరుస్తూ ఉండాలి. పుల్లకి అంటుకున్నది మాత్రం చిక్కటి లేత గులాబీ. అచ్చం రోజ్‌మిల్క్.

పోలిరాజు ముఖం విప్పారింది. ఈ రోగం వాడికి కొత్తది కాదు. వాడు పుట్టింది కార్ల మధ్య కాదు, బోట్ల మధ్య. వాళ్ల నాన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు చూసేవాడు. ఆయిలు రంగు తిరిగి చిక్కగా అయిందంటే "మజ్జిగైపోనాది" అనేవారు అక్కడ. మజ్జిగ అంటే నీళ్లు దిగాయని. నీళ్లంటే సముద్రం. ఇంకెక్కడి నుంచి వస్తాయి?

"బండి నీళ్లల్లో దిగిందాండి?" అని అడిగాడు.

"దిగింది. మొన్న వానకి జ్ఞానాపురం దగ్గర మోకాలి లోతు నీళ్లలోంచి తెచ్చాను."

"అదండీ సంగతి. నీళ్లు లోనకెళ్లిపోయేయి" అన్నాడు, ఏ స్కానరూ లేకుండా, ఏ చెన్నైకీ వెళ్లకుండా. పాత ఆయిలు దింపాడు, కొత్తది పోశాడు, కాసేపు తిప్పి దాన్నీ దింపి మళ్లీ పోశాడు. కారు వెన్నలా సాగిపోయింది.

"రేడియేటర్లో నీళ్లు కూడా కొద్దికొద్దిగా తగ్గుతున్నాయయ్యా" అన్నారు భీమశంకరరావుగారు వెళ్లబోతూ.

"పాత బండి కదండి, తాగుద్ది" అని సీసాతో నీళ్లు పోసి మూత బిగించాడు.

"అందరూ బాబీ దగ్గరకి వెళ్లమన్నారు. నేనే కాదన్నాను. పోలిరాజు ఉండగా నాకు ఇంకొకడు ఎందుకని." ఈ మాట అనేసి ఆయన వెళ్లిపోయారు. ఆ మాటని పోలిరాజు పది రోజులు బెల్లం ముక్కలా చప్పరించాడు. రాధకి మూడుసార్లు చెప్పాడు. మూడోసారి ఆవిడ, "బాగున్నాది, మా తమ్ముడికి కూడా సెప్పు, ఆడూ సంతోషిస్తాడు" అంది. అక్కడికి ఆ బెల్లం కాస్తా చేదెక్కింది.

పదకొండో రోజు పొద్దున్న పోలిరాజు స్కూటర్ మీద శ్రీహరిపురం వైపు వెళ్తూ బావమరిది షెడ్డులోకి ఓరగా చూశాడు. చూడకూడదనుకుంటూనే రోజూ చూసేవాడు. లోపల జాకీల మీద భీమశంకరరావుగారి కారు. పక్కన కుర్చీలో ఎడమకాలు బారజాపుకుని సాక్షాత్తూ ఆయనే. చేతిలో టీ గ్లాసు.

కట్టుకున్న పెళ్లాం పరాయివాడితో సినిమాహాల్లో కనబడినా అంత బాధ ఉండదేమో. ఇరవై ఏళ్లుగా నమ్మిన మనిషి! ఒక్క మాట చెప్పకుండా! మళ్లీ బాగాలేకపోతే తన దగ్గరికి రావద్దూ? పైగా అక్కడ టీ ఒకటి. తన షెడ్డులో ఆయన ఏనాడూ టీ ముట్టలేదు, షుగరని చెప్పి. స్కూటర్ ఆపకుండా తిప్పుకుని వచ్చేశాడు. షెడ్డులో ఏ పనీ ముట్టుకోబుద్ధి కాలేదు.

అరగంటకి ఫోను మోగింది. బాబీ.

"బావా, ఖాళీగా ఉన్నావా? భీమశంకర్రావుగారి బండి నా కాడికొచ్చింది. నీ కాడికి ఎల్లమన్నాను. ఆయనే, ఒకసారి కంప్యూటర్ పెట్టి సూడమన్నారు."

"సూడు. నీ ఇష్టం" అన్నాడు పోలిరాజు.

"సూసేను బావా. గేరు జారతన్నాదని సెప్తంది అంతే, ఎందుకు జారతన్నాదో దానికేటి తెలుసు? ఆయిలు నువ్వు మొన్నే మార్సేవంట. ఇప్పుడు కొద్దిగా పాలిపోయినట్టున్నాది గానీ, రెండు రకాల ఆయిళ్లు కలిసినా అలాగే ఉంటాది. అందుకే నిన్నడగతన్నాను. నువ్వు దింపినప్పుడు పాత ఆయిలు ఏ రంగులో ఉంది? మజ్జిగలాగ ఉందా? అలాగుంటే గేర్‌బాక్స్ ముట్టుకోను. రేడియేటర్ లోపల ఆయిలు సల్లబడే గొట్టం సిల్లు పడినట్టు. రేడియేటర్ మార్సి, ఆయిలు కడిగీసి, రేపు బండిచ్చీడమే."

పోలిరాజు చెవిలో ఆ మాటలు ఒక్కొక్కటీ మేకులా దిగాయి. రేడియేటర్! ఆయన చెప్పనే చెప్పారు, నీళ్లు తగ్గుతున్నాయని. తనే సీసాతో పోసి మూత పెట్టాడు. బోటు మనిషికి నీళ్లంటే ఎప్పుడూ బయటివే. కారు తన కడుపులోనే నీళ్లు మోసుకు తిరుగుతుందనీ, ఆ నీళ్లలోనే మునిగిపోగలదనీ తట్టనేలేదు. వీడికి తట్టింది. చూడకుండానే తట్టింది. ఇప్పుడు మజ్జిగ అంటే ఏమవుతుంది? 'పోలిరాజు కళ్లారా చూసి కూడా కనిపెట్టలేకపోయాడు, బాబీ ఫోన్లో విని కనిపెట్టాడు' అవుతుంది. ఫోన్లో వెనకనుంచి భీమశంకరరావుగారి దగ్గు వినబడుతూనే ఉంది.

"నల్లగా ఉంది" అన్నాడు పోలిరాజు.

"నిజంగానే బావా? కాలిన వాసనొచ్చిందా?"

"వొచ్చింది. నా కళ్లు, నా ముక్కు నమ్మకపోతే నన్నెందుకు అడగతన్నావ్?"

"అయ్యో, అదేం మాట. నువ్వు సెప్పేక ఇంక నాకు కంప్యూటర్ కూడా ఎందుకు? అయితే లోపల గేర్లని పట్టే ప్లేట్లు కాలుంటాయి. గేర్‌బాక్స్ దింపీసి ఇప్పుతాను." ఫోను పెట్టేశాడు.

అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని పోలిరాజుకి తెలియదు. చెప్పేశాక ఏదో హాయి కమ్మింది. విప్పనీ. లోపల ప్లేట్లు ఏ మాత్రం కాలి ఉండవు. ఊరికే విప్పేవాడని పేరొస్తుంది. నీలం అక్షరాల బోర్డుకి అప్పుడు తెలుస్తుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా?

హాయి సాయంత్రం దాకా ఉంది. రాత్రి అన్నం దగ్గర పోయింది. "మా తమ్ముడు తిండి కూడా తిననేదంట, గేర్‌బాక్స్ కింద దూరిపోయున్నాడంట. బావ సెప్పినాక తప్పుండదక్కా, ఎక్కడో కాలుంటాది, దొరకతన్నాది కాదు అంటన్నాడు" అంది రాధ. పోలిరాజు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. నీళ్లు తాగి లేచిపోయాడు.

రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. బాబీ విడివిడిగా ఊడదీస్తూ ప్రతి ముక్కా తుడిచి చూస్తున్నాడట. భీమశంకరరావుగారు మార్కెట్టుకి వెళ్లడానికి పక్కింటి కుర్రాళ్లు ఇద్దరూ కలిసి ఆటోలోకి ఎక్కించారని ఎవరో చెప్పారు. ఆయన కళ్లు దించుకుని కూర్చున్నారట. ఫోన్ చేసి నిజం చెప్పేద్దామని పోలిరాజు రెండుసార్లు అనుకున్నాడు. రెండుసార్లూ అవతల బాబీ "అలాగా బావా" అని నెమ్మదిగా అనడం ముందే వినబడింది. కోప్పడితే బాగుండును. వాడికి కోపం రాదు. అదే భరించలేడు.

నాలుగో రోజు మధ్యాహ్నం బాబీ ఫోన్ చేసి, "ఒకసారి రా బావా" అన్నాడు.

వెళ్లేసరికి గేర్‌బాక్స్ ముక్కలు ముక్కలుగా బల్ల మీద పరిచి ఉంది. పళ్లెంలో ప్లేట్లు. ఒక్కదాని మీదా కాలిన మరక లేదు. కానీ వాటి మీద అంటించిన పొర నీళ్లకి నాని, రొయ్య పెంకులా ఊడి వచ్చేస్తోంది. గోడకి ఆనించి పాత రేడియేటర్, దాని అడుగు గొట్టం దగ్గర గులాబీ రంగు మడ్డి. భీమశంకరరావుగారు అదే కుర్చీలో ఉన్నారు, ఈసారి టీ లేదు.

బాబీ బావ ముఖంలోకి ఒక్కసారి చూశాడు. ఆ చూపుతో పోలిరాజుకి అర్థమైంది, వీడికి అంతా తెలిసిపోయిందని. నల్లగా ఉన్న ఆయిలు ఆ ప్లేట్లలోంచి వచ్చే అవకాశమే లేదు. ఇప్పుడు అంటాడు. ఆయన ముందే అంటాడు. అననీ, తప్పు తనదే. పోలిరాజు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"తప్పు నాదేనండి" అన్నాడు బాబీ, భీమశంకరరావుగారి వైపు తిరిగి. "బావ ఆ రోజు ఫోన్లో మజ్జిగలాగ ఉందనే సెప్పేడు. షెడ్డులో సప్పుడుకి నానే సరిగ్గా ఇననేదు. నల్లగా అని ఇనుకున్నాను. ముందే రేడియేటర్ సూసుంటే ఇంత పని ఉండకపోను. ఈ ప్లేట్లూ పాడైపోనాయి కాబట్టి ఎలాగా మార్సాలి గానీ, మిమ్మల్ని నాలుగు రోజులు ఆటోలెక్కించేను."

భీమశంకరరావుగారు పోలిరాజు వైపు తిరిగారు. ఆ కళ్లలో పాత మర్యాద మళ్లీ వెలిగింది. "చూశావా, నాకు బుద్ధి లేక ఇక్కడికొచ్చాను. వయసులో ఉన్నవాళ్ల తొందర ఇది. నీ కళ్లు కళ్లే పోలిరాజూ. రేపట్నుంచి నా బండి నీ షెడ్డులోనే."

ఏం కావాలని పోలిరాజు ఏడాది పాటు కుళ్లి చచ్చాడో అది కాళ్ల దగ్గరికి వచ్చి పడింది. ఇరవై ఏళ్ల మనిషి తిరిగొచ్చాడు. బాబీ అందరి ముందూ తల దించుకున్నాడు. ఊరుకుంటే చాలు. ఒక్క క్షణం ఊరుకున్నాడు కూడా.

ఆ క్షణంలోనే కడుపులో మంట భగ్గుమంది, ఏడాదిగా ఎన్నడూ మండనంతగా. గేర్‌బాక్సుల్లో వీడే ముందు. తలకాయ ముక్కలో వీడే ముందు. చివరికి మంచితనంలో కూడా వీడే ముందా? తనని కాపాడి, తన మీద దయ చూపించి, రేపట్నుంచి ఆ దయతో తను బతకాలా? ఆ పుణ్యం వాడికి దక్కనివ్వడం పోలిరాజు వల్ల కాలేదు. అది పశ్చాత్తాపమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అది ఆఖరి కుళ్లు.

"ఆడు సరిగ్గానే ఇన్నాడండి" అన్నాడు. "నాను నల్లగా ఉందనే సెప్పేను. రోజ్‌మిల్క్‌లాగ ఉన్నాది. సూసేను. తెలిసే అబద్ధం సెప్పేను."

రోడ్డు మీద ట్యాంకర్లు పోతున్న చప్పుడొకటే.

భీమశంకరరావుగారు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయారు. కాలు సహకరించలేదు. పోలిరాజు గబుక్కున ముందుకి వెళ్లి చెయ్యి అందించాడు. ఆయన ఆ చేతిని చూశారు, చూసి పక్కకి ఒరిగి బాబీ భుజం పట్టుకుని లేచారు.

"ఇరవై ఏళ్లు నీ మాట మీద బండి నడిపాను" అన్నారు పోలిరాజుతో. అరవలేదు, తిట్టలేదు. బాబీ ఆయన్ని రోడ్డు దాకా నడిపించి, ఆటో ఆపి, వీపు వెనక నుంచి పట్టుకుని లోపలికి ఎక్కించాడు. వంగని కాలు ఆటో బయటికి పొడుచుకునే ఉంది, దాన్ని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టాడు. పోలిరాజు ఇదంతా బల్ల పక్కనే నిలబడి చూశాడు.

బాబీ తిరిగొచ్చి పళ్లెం ముందు కూర్చున్నాడు. ఒక ప్లేటు తీసి ఊడిన పొరని గోటితో గీకుతూ, "ఎందుకు సెప్పీసేవు బావా? నాను సర్దీసేను కదా" అన్నాడు.

పోలిరాజుకి ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. "కుళ్లురా బాబీ" అన్నాడు. "నీ మీద కుళ్లు. నువ్వు షెడ్డెట్టిన కాణ్ణించి ఇదే. నిద్దర పట్టదు, తిన్నది అరగదు. ఇది ఎవరికీ సెప్పుకోలేక సచ్చిపోతన్నాను."

బాబీ తల ఎత్తలేదు. ప్లేటు పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు.

"తెలుసు బావా" అన్నాడు. "అక్కకి కూడా తెలుసు."